ముందు కుర్చీ తేల్చుకోండి, తర్వాత డిగ్రీ

ఐటీలో పదేళ్ళు దాటినవాళ్ళు ఈ మధ్య ఒక మాట అడుగుతున్నారు. "కాలేజీలు, యూనివర్సిటీలు నడిపే వైపు వెళ్ళాలనుందండీ. పాఠాలు చెప్పడం కాదు, అడ్మినిస్ట్రేషన్, పాలసీ. దానికి మాస్టర్స్ ఏముంది? ఎక్కడ చేయాలి?" అడిగేవాళ్ళు మాదాపూర్‌లోనో నానక్‌రామ్‌గూడలోనో డెలివరీ మేనేజర్లు, టెస్టింగ్ లీడ్లు, హెచ్ఆర్‌లో క్యాంపస్ రిక్రూట్‌మెంట్ చూసేవాళ్ళు. ఏటా ఇంజినీరింగ్ కాలేజీలకు వెళ్ళి, వరసగా పిల్లల్ని కూర్చోబెట్టి ఇంటర్వ్యూలు చేసి, నాలుగేళ్ళు ఫీజు కట్టిన పిల్లాడు చిన్న ప్రోగ్రాం కూడా రాయలేక తల దించుకోవడం కళ్ళారా చూసినవాళ్ళు. తప్పు ఆ పిల్లాడిదేనా, కాలేజీదా, సిలబస్‌దా, సీట్లు ఇచ్చినవాళ్ళదా అన్న ప్రశ్న వాళ్ళను వదలడం లేదు. అలాంటి ప్రశ్నతో వచ్చేవాళ్ళు ఈ రంగానికి కావాలి. అందుకే వాళ్ళు తప్పు డిగ్రీకి డబ్బు, వయసు ధారపోయకూడదని నా ఆరాటం.

మొదట చెప్పాల్సింది ఇది. అమెరికాలో 'హయ్యర్ ఎడ్యుకేషన్ అడ్మినిస్ట్రేషన్', 'హయ్యర్ ఎడ్యుకేషన్ పాలసీ' పేర్లతో మాస్టర్స్ చాలా యూనివర్సిటీల్లో ఉంది. అడ్మిషన్లు, హాస్టళ్ళు, స్టూడెంట్ అఫైర్స్ అన్నిటికీ అక్కడ విడిగా వృత్తి నిపుణులు ఉంటారు, ఆ డిగ్రీ వాళ్ళను తయారుచేస్తుంది. మన దగ్గర ఆ పేరుతో మాస్టర్స్ దొరకడం అరుదు. యూనివర్సిటీని నడిపేవాళ్ళు ఇక్కడ ముఖ్యంగా రెండు దారుల్లో వస్తారు. ప్రొఫెసర్‌గా ఎదిగి డీన్, ప్రిన్సిపాల్, వీసీ అయ్యేవాళ్ళు ఒకరు. అసిస్టెంట్ రిజిస్ట్రార్‌గా చేరి పైకి వెళ్ళేవాళ్ళు ఇంకొకరు. ఈ పదిహేనేళ్ళలో మూడో దారి పడింది. కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ గుర్తింపు, 2016 నుంచి కేంద్రం ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులు, ప్రైవేటు యూనివర్సిటీలు కలిసి వేసిన దారి అది. ఒక్కో దారి చివర ఒక్కో కుర్చీ, ఒక్కో కుర్చీకి ఒక్కో కాగితం. కుర్చీ తేలకుండా కోర్సు వెతికితే అడ్మిషన్ కౌన్సెలర్లు చెప్పిందల్లా నిజమనిపిస్తుంది.

కుర్చీల సంగతికి ముందు, మీరు రోజూ తిరిగే చోటనే ఒకసారి చూడండి. గచ్చిబౌలి చుట్టుపక్కల కొద్ది కిలోమీటర్లలో నాలుగు సంస్థలున్నాయి, నాలుగింటికీ నాలుగు పుట్టుకలు. హైదరాబాద్ యూనివర్సిటీ 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత కుదిరిన 1973 నాటి ఆరు సూత్రాల పథకం ఫలితం. దానికోసం రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేర్చారు, 1974లో పార్లమెంటు చట్టం చేసింది. ఒక రాజకీయ ఒప్పందంలో యూనివర్సిటీ ఒక అంశమైందంటే, ఉన్నత విద్య మన రాష్ట్రంలో ఎంత బరువైన వ్యవహారమో తెలుస్తుంది. దాని పక్కనే మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ, 1998లో వచ్చింది. అదీ కేంద్రానిదే, కానీ దాని లక్ష్యం ఒక భాషలో చదువు అందించడం. అదే 1998లో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ మొదలైంది. ప్రభుత్వం, పరిశ్రమలు కలిసి లాభాపేక్ష లేకుండా పెట్టిన సంస్థ, తర్వాత డీమ్డ్ యూనివర్సిటీ అయింది. 2001లో వచ్చిన ఐఎస్‌బీ అసలు యూనివర్సిటీయే కాదు. అక్కడి ప్రఖ్యాత కోర్సు పేరు ఎంబీఏ కాదు, పీజీపీ.

ఫీజు ఎవరు నిర్ణయిస్తారు, రిజర్వేషన్ ఎలా అమలవుతుంది, సిలబస్ ఎవరి చేతిలో ఉంటుంది, డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది అన్న నాలుగు ప్రశ్నలు ఈ నాలుగు గేట్ల దగ్గర వేసి చూడండి. జవాబులు ఒకదానికొకటి కలవవు. ఎందుకు కలవవో చెప్పేదే ఈ చదువు. ఆ తేడా మీకు ఆసక్తిగా అనిపిస్తే ముందుకు చదవండి. డెడ్‌లైన్లు, అప్రైజళ్ళు లేని ప్రశాంతమైన ఉద్యోగం కోసమైతే మాత్రం, దూరపు కొండలు నునుపు. పరీక్షల విభాగంలో ఫలితాల వారం పనిచేసినవాళ్ళను అడగండి, ప్రొడక్షన్ రిలీజ్ రాత్రికీ దానికీ ఏమంత తేడా లేదని చెబుతారు.

ఇప్పుడు మొదటి కుర్చీ, కేంద్రీయ యూనివర్సిటీలో అసిస్టెంట్ రిజిస్ట్రార్. పే లెవెల్ 10, మూల వేతనం 56,100 దగ్గర మొదలవుతుంది, పైన డీఏ, హెచ్ఆర్ఏ. దీనికి అడిగే చదువు కనీసం 55 శాతం మార్కులతో ఏదైనా మాస్టర్స్. ఏదైనా అంటే ఏదైనా. ఉన్నత విద్యా పరిపాలనలోనే ఉండాలని లేదు. బీటెక్ ఒక్కటే ఉన్నవాళ్ళకు ఈ తలుపు మూసే ఉంటుంది, ఎంటెక్‌గానీ ఎంబీఏగానీ 55 శాతంతో ఉన్నవాళ్ళకు ఇప్పటికే తెరిచి ఉంది. చాలామందికి ఈ సంగతి తెలియక రెండో మాస్టర్స్ వైపు పరుగెత్తుతున్నారు. మీకు పీజీ ఉంటే ఇంకో పీజీ అక్కర్లేదు, రాతపరీక్షకు యూజీసీ నిబంధనలు, ఆఫీసు విధానాలు, సర్వీసు రూల్సు చదువుకోండి. వయోపరిమితి, అనుభవం షరతులు నోటిఫికేషన్‌ను బట్టి ఉంటాయి కాబట్టి నలభైకి దగ్గర్లో ఉన్నవాళ్ళు దాన్నే ముందు చూసుకోవాలి. ఆపైన డిప్యూటీ రిజిస్ట్రార్, రిజిస్ట్రార్ పదవులకు అదే 55 శాతం మాస్టర్స్‌తో పాటు ఏళ్ళ తరబడి బోధనలోనో పరిపాలనలోనో అనుభవం ఉండాలి. ఐటీ అనుభవాన్ని అక్కడ అలాగే లెక్కలోకి తీసుకుంటారని అనుకోవద్దు.

రెండోది ఐక్యూఏసీ, అంటే న్యాక్ గుర్తింపు ఉన్న కాలేజీల్లో ఉండే అంతర్గత నాణ్యతా విభాగం. ఐటీవాళ్ళు అన్నిటికన్నా బాగా పనికొచ్చేది ఇక్కడేనని నా నమ్మకం. ఒక మామూలు కాలేజీలో ఆ గదిలోకి వెళ్ళి చూడండి. న్యాక్ అడిగే ప్రమాణాలు పాఠ్యప్రణాళిక దగ్గర్నుంచి విద్యార్థుల పురోగతి, పాలన దాకా వెళ్తాయి. ఒక చిన్న సెమినార్ పెట్టినా సర్క్యులర్, హాజరు పట్టీ, జియోట్యాగ్ ఉన్న ఫొటో, నివేదిక దాచాలి. ప్లేస్‌మెంట్ వచ్చిందని రాస్తే ఆఫర్ లెటర్ జతచేయాలి. అదే విద్యార్థుల సంఖ్య కేంద్రం చేసే ఉన్నత విద్యా సర్వే ఏఐఎస్‌హెచ్‌ఈకి ఒకసారి, ఎన్ఐఆర్ఎఫ్‌కి ఒకసారి, న్యాక్‌కి ఒకసారి, అనుబంధ యూనివర్సిటీకి ఇంకోసారి వెళ్తుంది. నాలుగు చోట్లా నాలుగు అంకెలు. అబద్ధం చెప్పడం వల్ల కాదు, ఎవరిని 'విద్యార్థి'గా లెక్కపెట్టాలి, ఏ తేదీ నాటి లెక్క ఇవ్వాలి అన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండడం వల్ల. ఈ పనంతా ఎక్కువ కాలేజీల్లో ఒక లెక్చరర్ తన క్లాసులు చెప్పుకుంటూ, సాయంత్రాలు ఎక్సెల్ షీట్ల ముందు కూర్చుని చేస్తున్నారు.

డేటాబేస్ తెలిసినవాళ్ళు ఈ సమస్యను గంటలో పట్టేస్తారు. కానీ ఆ అంకె ఎందుకు అడుగుతున్నారు, అది తప్పితే కాలేజీకి ఏం పోతుంది, అధ్యాపకుల నిష్పత్తి వెనక ఏ నిబంధన ఉంది అన్నది తెలియకపోతే మీరు చేసేది డాష్‌బోర్డు మాత్రమే అవుతుంది. ఆ లోటును పూడ్చేది చదువే. ఇలాంటి పనికి పెద్ద ప్రైవేటు యూనివర్సిటీలు మనుషుల్ని వెతుక్కుంటున్నాయి. జీతం విషయంలో ఒక మాట నిర్మొహమాటంగా చెబుతాను. పదేళ్ళ ఐటీ ప్యాకేజీతో పోలిస్తే తగ్గుతుంది, చాలాసార్లు బాగానే తగ్గుతుంది. ఇంటి లోన్ ఈఎంఐ, పిల్లల స్కూలు ఫీజు ముందుపెట్టుకుని ఇంట్లో మాట్లాడుకున్నాకే అడుగు వేయండి.

మూడోది పాలసీ. రాష్ట్ర స్థాయిలో ఉన్నత విద్యా మండలి అనే ఆలోచనకు దేశంలో మొదట రూపమిచ్చింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే, 1988లో. ఇప్పుడు రెండు రాష్ట్రాలకూ విడివిడిగా మండళ్ళున్నాయి. ఎంట్రన్సులు, డిగ్రీ అడ్మిషన్ల దోస్త్ పోర్టల్ లాంటివి తెలంగాణ మండలి చుట్టూనే తిరుగుతాయి. ఢిల్లీలో నీపా ఉంది. విద్యా ప్రణాళిక, పరిపాలన కోసమే 1962లో యునెస్కో కేంద్రంగా మొదలై, 2006లో డీమ్డ్ యూనివర్సిటీ అయిన సంస్థ. ఉన్నత విద్యా విధానం మీద ప్రత్యేక పరిశోధనా కేంద్రం దానిలో ఉంది. మన తెలుగువారు, విద్యా ఆర్థికవేత్త జంధ్యాల బి.జి. తిలక్ దశాబ్దాలు పనిచేసింది అక్కడే. విద్యకు ప్రభుత్వం ఎంత ఖర్చుపెట్టాలి, ఫీజులు ఎవరిని బయట పెడతాయి అన్న చర్చలో ఆయన రచనలు చదవకుండా ముందుకు పోలేం. ఈ కుర్చీకి మాస్టర్స్ ఆరంభం మాత్రమే. పరిశోధన చేయాలి, రాయాలి. పీహెచ్‌డీని దూరవిద్యలో చేయడం కుదరదు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం యాజమాన్యం నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుంటే పార్ట్‌టైమ్‌లో చేయొచ్చు.

ఈ దారిలో మనకు మన ఊరి మనిషే ఉదాహరణ. జి. రాంరెడ్డి ఉస్మానియాలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ప్రొఫెసర్, పంచాయతీరాజ్ మీద పరిశోధన చేసినవారు. ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికి మొదటి వీసీ ఆయనే. దేశంలో అది మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇంటర్ పాసవని మనిషి కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అక్కడ కల్పించారు. ఆర్టీసీ కండక్టరుకూ, పెళ్ళయ్యాక చదువు ఆగిపోయిన అమ్మాయికీ డిగ్రీ అందుబాటులోకి తెచ్చింది అలాంటి ఒక్క అడ్మిషన్ నిబంధన. పాలసీ అంటే నాకు ఎప్పుడూ ఆ నిబంధనే గుర్తొస్తుంది. 1985లో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ ఆయనే తొలి వీసీ, 1991లో యూజీసీ చైర్మన్. ఆయన మొదలుపెట్టిన సంస్థ 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకుని ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో, హైటెక్ సిటీకి కూతవేటు దూరంలో ఉంది. ఆయన చేతిలో ఉన్నత విద్య పేరుతో డిగ్రీ ఏమీ లేదు. ప్రభుత్వ యంత్రాంగం ఎలా పనిచేస్తుందో తెలిపే శాస్త్రం ఉంది, దాన్ని చదువుకు అన్వయించారు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎంఏని చిన్నచూపు చూడొద్దని నేను చెప్పేది అందుకే. అదే అంబేద్కర్ యూనివర్సిటీలో అది దూరవిద్యలో దొరుకుతుంది.

మరి కోర్సుల మాటకొస్తే, ఉద్యోగం మానకుండా చేయడానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఇగ్నో ఎంఏ ఎడ్యుకేషన్. దానిలో ఉన్నత విద్య, విద్యా నిర్వహణ రెండూ స్పెషలైజేషన్లుగా ఉన్నాయి. బీఈడీ లేకపోయినా చేరొచ్చు, ఏదైనా డిగ్రీ చాలు. ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తుంచుకోవాలి. ఎంఈడీ వేరు, ఎంఏ ఎడ్యుకేషన్ వేరు. బీఈడీ కాలేజీలో అధ్యాపకులు కావాలనుకుంటే ఉపాధ్యాయ విద్యను నియంత్రించే ఎన్‌సీటీఈ అడిగేది వేరే అర్హతలు, ఈ ఎంఏ అక్కడ సరిపోదు. పాలన, విధానం వైపు వెళ్ళేవాళ్ళకు మాత్రం ఇది బాగానే సరిపోతుంది. ఇగ్నో హైదరాబాద్ ప్రాంతీయ కేంద్రం మాదాపూర్ పక్కన కావూరి హిల్స్‌లోనే ఉంది. ప్రవేశాలు సాధారణంగా జనవరి, జూలైల్లో, పరీక్షలు జూన్, డిసెంబర్లలో. అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం. అసైన్‌మెంట్లు మామూలుగా చేత్తోనే రాయాలి. పదేళ్ళుగా కీబోర్డు తప్ప పెన్ను పట్టనివాళ్ళకు మూడు గంటల పరీక్ష రాయడం మొదట్లో చెయ్యి నొప్పే. రోజుకు రెండు పేజీలు ముందునుంచే రాస్తూ అలవాటు చేసుకోండి. రెండేళ్ళ కోర్సును నాలుగేళ్ళలో పూర్తిచేసే వెసులుబాటు ఉంది. ఆ వెసులుబాటే చాలామందిని మధ్యలో వదిలేసేలా చేస్తుంది, కాబట్టి రెండేళ్ళలోనే ముగించాలని కూర్చోండి. చివర్లో పరిశోధన వ్యాసం ఉంటుంది. దానికి మీ అంశం మీ ఆఫీసులోనే ఉంది: ఏ కాలేజీల పిల్లలు చేరిన ఏడాదిలో నిలబడుతున్నారు, ఎందుకు? కంపెనీ డేటా వాడితే మాత్రం లిఖితపూర్వక అనుమతి తీసుకోండి.

పూర్తి మాస్టర్స్ వద్దనుకునేవాళ్ళకు ఇగ్నోలోనే ఎడ్యుకేషనల్ మేనేజ్‌మెంట్ అండ్ అడ్మినిస్ట్రేషన్ పీజీ డిప్లొమా ఉంది. ఉద్యోగం వదిలి రెండేళ్ళు పూర్తిగా చదవగలిగితే, సంగారెడ్డి వైపు రుద్రారంలోని గీతం ప్రాంగణంలో కౌటిల్య స్కూల్ 2021 నుంచి పబ్లిక్ పాలసీ మాస్టర్స్ నడుపుతోంది. బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలోనూ ఎడ్యుకేషన్ ఎంఏ ఉంది, అక్కడ దృష్టి ఎక్కువగా పాఠశాల విద్య మీద.

దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చేరే ఏ కోర్సుకైనా డబ్బు కట్టే ముందు యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరు, ఆ కోర్సు పేరు, ఆ ఏడాది అనుమతి మూడూ చూడండి. యూనివర్సిటీకి గుర్తింపు ఉన్నా ఆ కోర్సుకు లేకపోవచ్చు. 2024 నుంచి ఆ విభాగం డెబ్ ఐడీ ఉంటేనే చేరిక చెల్లుతుంది. దాన్ని విద్యార్థే తన అకడమిక్ క్రెడిట్ ఖాతాతో సృష్టించుకోవాలి. "అది మేం చూసుకుంటాం సార్" అనే ఏజెంటుతో మాట అక్కడితో ఆపేయండి. గుర్తింపు ఉన్న దూరవిద్య పీజీ రెగ్యులర్ పీజీతో సమానమని యూజీసీ స్పష్టం చేసింది, కాబట్టి విలువ గురించి బెంగ అక్కర్లేదు. ఆఫీసులో ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం ఉంటే వాడుకోండి. దానితో పాటు ఎన్నేళ్ళ బాండు వస్తుందో చదివాకే సంతకం చేయండి. బాండు మధ్యలో అసిస్టెంట్ రిజిస్ట్రార్ ఆర్డరు వస్తే, నోటీస్ పీరియడ్‌తో పాటు ఆ డబ్బూ తిరిగి కట్టాల్సి వస్తుంది.

అమెరికా వెళ్దామనుకునేవాళ్ళకు మన వీధుల్లో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. చదువు అయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి 12 నెలలు. స్టెమ్ జాబితాలోని కోర్సైతే మరో 24 నెలలు. కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చేసినవాళ్ళకు మూడేళ్ళు దొరికేది అందుకే. హయ్యర్ ఎడ్యుకేషన్ అడ్మినిస్ట్రేషన్ ఆ జాబితాలో లేదు. ఎడ్యుకేషనల్ టెక్నాలజీ, ఎడ్యుకేషనల్ ఎవాల్యుయేషన్ అండ్ రీసెర్చ్ ఉన్నాయి. కోర్సు పేరు చూసి మోసపోకుండా, అది ఏ వర్గంలోదో చెప్పే సీఐపీ కోడ్ ఏమిటో అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెలుసుకోండి. యూనివర్సిటీల్లో ఉద్యోగమైతే హెచ్1బీ లాటరీ ఉండదన్నది నిజమే. కానీ 2025 సెప్టెంబర్‌లో దేశం బయట ఉన్నవాళ్ళ కొత్త హెచ్1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు కాబట్టి ఆ ఒక్క ఆశ మీద అప్పు చేయొద్దు. యూరప్‌లో ఎరాస్మస్ ముండుస్ అనే ఉమ్మడి మాస్టర్స్ పథకం కింద మారిహే అనే మాస్టర్స్ ఉంది. ఆస్ట్రియాలోని క్రెమ్స్, ఫిన్లాండ్‌లోని టాంపెరే లాంటి యూనివర్సిటీలు కలిసి నడిపేది, ఉన్నత విద్య మీదే. మన అంశానికి పేరులోనూ సారంలోనూ అన్నిటికన్నా దగ్గరిది అదే.

నాలుగో కుర్చీకి మాస్టర్స్ అక్కర్లేదు. 2022లో యూజీసీ 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' మార్గదర్శకాలు తెచ్చింది. వృత్తిలో కనీసం 15 ఏళ్ళ అనుభవం, సీనియర్ హోదా ఉంటే డిగ్రీల పట్టింపు లేకుండా తీసుకోవచ్చు. మొత్తంగా నాలుగేళ్ళకు మించకూడదు. శాశ్వత ఉద్యోగం కాదు, కానీ లోపల కూర్చుని కొత్త కోర్సు రూపొందించే అవకాశం ఉంటుంది.

ఏ దారైనా ఫీజు కట్టే ముందు రెండు పత్రాలు చదవమంటాను. ఒకటి ఏఐఎస్‌హెచ్‌ఈ 2021-22 నివేదిక. తెలంగాణలో 18 నుంచి 23 ఏళ్ళ వయసు జనాభా లక్షకు 52 కాలేజీలు ఉన్నాయని, ఉన్నత విద్యలో చేరికల నిష్పత్తి 40 శాతమని అందులో ఉంది. దేశం మొత్తానికి ఆ నిష్పత్తి 28.4. 2020 జాతీయ విద్యా విధానం 2035కి 50 శాతం చేరాలంటోంది. ఆ లెక్కన మనం చాలా రాష్ట్రాలకన్నా ముందున్నాం. అయినా మీ ఇంటర్వ్యూ గదిలో ఆ పిల్లాడు ఎందుకు తల దించుకున్నాడు? చేరికలకూ నేర్చుకోవడానికీ మధ్య ఉన్న ఆ అగాధమే ఇక్కడి అసలు పని. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ బాగా నడుస్తున్న కాలేజీలకు సీట్ల పరిమితి ఎత్తేసింది. కంప్యూటర్ సైన్స్ సీట్లు అంత పెరిగితే చెప్పేవాళ్ళు ఎక్కణ్నుంచి వస్తారన్న ప్రశ్న కూడా అక్కడే మొదలవుతుంది. రెండో పత్రం, మీరు చదివిన కాలేజీ వెబ్‌సైట్‌లో ఉండే ఏక్యూఏఆర్, అంటే ఏటా న్యాక్‌కి పంపే నివేదిక. మీరు ప్రత్యక్షంగా ఎరిగిన కాలేజీ కాబట్టి ఏది నిజమో, ఏది ఫొటో కోసం రాసిందో మీకు ఇట్టే తెలుస్తుంది. రెండూ చదివాక కూడా ఇంకా తెలుసుకోవాలనిపిస్తే ఇగ్నో దరఖాస్తు నింపండి.

ఆలోగా మీ పాత కాలేజీ ప్రిన్సిపాల్‌గారికి ఫోన్ చేయండి. కాలేజీ అటానమస్ అయితే ప్రతి డిపార్ట్‌మెంటుకూ ఒక బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉంటుంది, అందులో పరిశ్రమ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థుల నుంచి ఒకరు ఉండాలని యూజీసీ నిబంధన. ఆ కుర్చీలో చాలాచోట్ల పేరు ఉంటుంది, మనిషి రారు, మినిట్స్ మీద సంతకం మాత్రం తర్వాత చేరుతుంది. "నేను వస్తానండీ, రెండు రోజుల ముందు సిలబస్ పంపించండి" అని అడగండి. మీటింగులో ఒకే ఒక సబ్జెక్టు పట్టుకోండి, అన్నీ మార్చాలనకండి. ఐదో సెమిస్టర్ ల్యాబ్‌లో ఇంకా ఏళ్ళనాటి ప్రయోగాలే ఉంటే వాటి బదులు ఏమి పెట్టాలో, దాన్ని చెప్పగలిగే అధ్యాపకులు ఉన్నారో లేదో, ప్రశ్నపత్రం ఎలా మారాలో ఒక పేజీ రాసి తీసుకెళ్ళండి. అది అకడమిక్ కౌన్సిల్‌కు వెళ్ళి, ఎవరి అభ్యంతరంతో ఆగిందో, ఎవరి చొరవతో కదిలిందో గమనించండి. సెలవు పెట్టాల్సింది ఏడాదికి రెండు పూటలు.